రెప్ప అంచు శుభ్రం: షాంపూనా, ఫోమా, కాపడమా?

శుక్లం ఆపరేషన్‌కు తేదీ తీసుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్ళిన పెద్దవాళ్లలో కొందరికి ఆ రోజు తేదీ దొరకదు. "మీ రెప్పల అంచులు వాచి ఉన్నాయి. కొన్ని వారాలు శుభ్రం చేసుకొని రండి, అప్పుడు చూద్దాం" అని డాక్టరు పంపించేస్తారు. కంట్లో పొర తీయమని వెళితే రెప్పల సంగతి చెబుతారేమిటో వాళ్లకు అంతుపట్టదు. ఇంటికొచ్చాక మనవరాలు అడుగుతుంది: "అవ్వా, డాక్టరమ్మ చెప్పినట్టు రెప్పలు కడుక్కుంటుండావా?" అవ్వ జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: "దినమూ మొగం కడుగుతానే ఉండాను గదమ్మా, ఇంకేం కడిగేది?"

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఇలాంటి తెలుగు ఇళ్లు తక్కువేమీ కాదు. నాయకరాజుల కాలం నుంచి తమిళదేశానికి వలస వచ్చి, మదురై వైపూ కొంగునాట్లోనూ స్థిరపడి, తర్వాత నూలు మిల్లుల వెంట పట్నానికి చేరిన కుటుంబాలివి. ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం, మందుల చీటీ ఇంగ్లీషు. రద్దీ ఆసుపత్రిలో డాక్టరుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త సమయంలో రెప్పలు ఎలా శుభ్రం చేసుకోవాలో చేసి చూపించడం కుదరదు. చీటీ పట్టుకొని డి.బి. రోడ్డులో మందుల షాపుకు వెళితే రెప్పలు తుడిచే తడి వైప్స్, నురగ వచ్చే ఫోమ్, జెల్, స్ప్రే కనిపిస్తాయి. పక్కింటివాళ్లేమో పసిపిల్లల షాంపూ చాలంటారు. ఫోన్‌లో చూసినవాళ్లు టీ ట్రీ నూనె రాయమంటారు. వీటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుందో, ఏది హాని చేస్తుందో తెలియాలంటే ముందు రెప్పలో ఏం జరుగుతోందో తెలియాలి.

రెప్ప అంచున వెంట్రుకల వరుస వెనకాల, కంటికి ఆనుకొని, చిన్న చిన్న రంధ్రాల వరుస ఒకటుంటుంది. అవి మైబోమియన్ గ్రంథుల నోళ్లు. పైరెప్పలో సుమారు 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30 గ్రంథులు నిలువుగా పేర్చినట్టు ఉంటాయి. మనం రెప్ప వేసినప్పుడల్లా వాటి నుంచి పలచని నూనె కొద్దిగా బయటికి వచ్చి కన్నీటి మీద పొరలా పరుచుకుంటుంది. ఆ పొర ఉన్నంతసేపు కన్నీరు తొందరగా ఆవిరైపోదు. ఏళ్లు గడిచేకొద్దీ, లేదా వాపు వల్ల, ఆ నూనె చిక్కబడుతుంది. చలికాలంలో నెయ్యి పేరుకున్నట్టు గ్రంథి నోట్లోనే గడ్డకడుతుంది. అప్పుడు కన్నీటికి కాపు ఉండదు. కన్ను పొడిబారి మండుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ఆ మంటకు నీరు కారుతుంది కూడా. "కన్ను పొడిబారిందన్నారు, మరి ఈ నీళ్లేమిటి?" అని చాలామంది అడిగేది ఇందుకే.

దీర్ఘకాలం ఉండే రెప్పల వాపును వైద్యులు బ్లెఫరైటిస్ అంటారు. అది ఒకే జబ్బు కాదు. వెంట్రుకల మొదళ్ల దగ్గర వచ్చేది ఒక రకం. చర్మం మీద మామూలుగా ఉండే స్టఫిలోకాకస్ బాక్టీరియా ఎక్కువై గట్టి పొలుసులు కట్టవచ్చు. తలలో చుండ్రు ఉన్నవాళ్లకు అదే జిడ్డు పొట్టు కనుబొమలకూ రెప్పలకూ దిగవచ్చు. రెండో రకం పైన చెప్పిన నూనె గ్రంథులు మూసుకుపోవడం. మాటిమాటికీ కంటి కురుపు లేచేవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. బుగ్గలూ ముక్కూ ఎర్రబడే రోజేషియా అనే చర్మవ్యాధి కూడా దీనికి తోడవుతుంది. మన చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు సరిగా కనబడక చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఈ రకాలు ఒకే మనిషిలో కలిసి ఉండడం మామూలే.

మూడోది డెమోడెక్స్. ఇది కంటికి కనిపించని పురుగు, పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. ఒక జాతి వెంట్రుక మొదట్లో, ఇంకో జాతి నూనె గ్రంథుల్లో బతుకుతుంది. వయసు పెరిగేకొద్దీ చాలామంది చర్మం మీద ఇవి చేరతాయి. కాబట్టి ఉన్నాయని తెలియగానే అసహ్యపడాల్సిన పని లేదు, ఇంట్లో శుభ్రత లేదని అనుకోవాల్సిన పని అసలే లేదు. అవి మరీ ఎక్కువైతేనే రెప్పకు వాపు. గుర్తు పట్టడం తేలిక: డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం ముందు కూర్చోబెట్టి కిందికి చూడమంటే, ప్రతి వెంట్రుక మొదటా చిన్న గొట్టం తొడిగినట్టు తెల్లటి పొట్టు కనిపిస్తుంది. "నా రెప్పల్లో అది ఉందా డాక్టరుగారూ?" అని ఒక్కమాట అడిగి తెలుసుకోండి. దాన్నిబట్టే తర్వాతి వైద్యం మారుతుంది.

ఇక శుభ్రం చేసుకోవడం. ఇందులో మూడు పనులున్నాయి: కాపడం, నొక్కడం, తుడవడం. చాలా ఇళ్లలో మూడోదొక్కటే చేస్తారు. గ్రంథులు మూసుకుపోయిన మనిషికి మొదటి రెండూ లేకుండా ఎంత ఖరీదైన వైప్‌తో తుడిచినా గ్రంథి లోపలి గడ్డ కదలదు. ఏ సీసా కొనాలన్న ప్రశ్న కంటే ఈ వరుస పాటించడమే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

కాపడంలో కిటుకంతా వేడి నిలబెట్టడంలో ఉంది. గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్ప లోపలి వైపు సుమారు 40 డిగ్రీల సెల్సియస్ చేరాలి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. అందుకే ఒకసారి గుడ్డ పెట్టుకొని "చేశాను, గుణం కనబడలేదు" అనేవాళ్లు ఎక్కువ. సిరువాణి నీళ్లు కాచి గిన్నెలో పోసుకొని, రెండు శుభ్రమైన నూలు గుడ్డలు తీసుకోండి. ఒకటి కళ్ల మీద ఉండగా రెండోది వేడినీళ్లలో ఉండాలి. రెండు నిమిషాలకోసారి మార్చుకుంటూ ఐదు నుంచి పది నిమిషాలు చేయాలి. మైక్రోవేవ్‌లో వేడిచేసి వాడే కంటి మాస్కులు ఈ పని ఇంకా సులువుగా చేస్తాయి, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి. ఏది వాడినా ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోవాలి. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలచనిది. ముసలివాళ్లకు కాలినట్టు వెంటనే తెలియకపోవచ్చు.

కాపడం తీసిన వెంటనే, నూనె ఇంకా మెత్తగా ఉండగానే, నొక్కాలి. కళ్లు మూసుకొని, శుభ్రమైన వేలితో పైరెప్పను పైనుంచి వెంట్రుకల వైపు కిందికి, కిందిరెప్పను కిందినుంచి వెంట్రుకల వైపు పైకి మెల్లగా నిమరాలి. నూనె బయటికి వచ్చే దిక్కు అదే. రెప్పను మాత్రమే నొక్కాలి, కనుగుడ్డును కాదు. వేడిగా ఉన్నప్పుడు గుడ్డును నలిపితే నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఆకారం మారే ప్రమాదం ఉంది. ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే మళ్ళీ మొదలుపెట్టాలి.

చివరిది తుడవడం. ఎన్నో ఏళ్లుగా కంటి డాక్టర్లు చెప్పిన పద్ధతి, గోరువెచ్చని నీళ్లలో పసిపిల్లల షాంపూ కొన్ని చుక్కలు కలిపి, దూది చుట్టిన పుల్లతో వెంట్రుకల మొదళ్లు తుడవడం. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కళ్లు మండవని నమ్మకం. అయితే ఆ షాంపూ జుట్టు కోసం తయారైంది, రెప్ప అంచు కోసం కాదు. దీన్ని నిజంగా పరీక్షించి చూసినవాళ్లు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. 2018లో ప్రచురించిన ఆ పరిశోధనలో 43 మంది పాల్గొన్నారు. ప్రతి మనిషికీ ఒక కంటి రెప్పలకు షాంపూ నీళ్లు, రెండో కంటి రెప్పలకు కళ్ల కోసమే చేసిన ఫోమ్, రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు. ఏ కంటికి ఏది వాడారో పరీక్షించే డాక్టరుకు తెలియదు. ఒకే మనిషి రెండు కళ్లను పోల్చారు కాబట్టి వయసు, అలవాట్లు, వాతావరణం తేడాల గొడవ లేదు. పరిశోధన చిన్నదే అయినా దాని అమరిక నాకు నచ్చింది ఇందుకే.

రెండు వైపులా బాధ తగ్గింది, వెంట్రుకల మీది పొట్టు తగ్గింది. అంటే షాంపూ అసలు పనిచేయదనడం తప్పు. కాకపోతే ఫోమ్ వాడిన కంట్లో బాధ ఇంకా ఎక్కువ తగ్గింది. కన్నీటి మీది నూనె పొర మెరుగుపడడం, డెమోడెక్స్ పొట్టు తగ్గడం, వాపును సూచించే ఒక ప్రోటీన్ తగ్గడం ఆ కంట్లోనే కనిపించాయి. షాంపూ వాడిన కంట్లో నూనె గ్రంథుల నోళ్లు మూసుకుపోవడం కాస్త పెరిగింది. కన్నీటిని కంటికి అంటిపెట్టి ఉంచే జిగురు పదార్థం తగ్గింది. పొట్టును కడిగే సబ్బు గుణమే రెప్ప అంచుకు కావాల్సిన నూనెనూ జిగురునూ కూడా కొంత కడిగేస్తుందని అనుకోవచ్చు. నాలుగు వారాల ఫలితమే ఇలా ఉంటే, ఏళ్ల తరబడి వాడాల్సిన మనిషి ఆలోచించుకోవాల్సిందే.

చేతిలో డబ్బులున్నవాళ్లు కళ్ల కోసమే చేసిన ఫోమో వైపో కొనుక్కోవడం మంచిది. ప్రతి నెలా అది కొనలేని ఇంట్లో, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లతో, మెత్తని నూలు గుడ్డతో రోజూ తుడుచుకున్నా మేలే. పొట్టు మరీ గట్టిగా అంటుకున్న రోజుల్లో, డాక్టరు వద్దననంతవరకు, బాగా పలచన చేసిన షాంపూ కొన్నాళ్లు వాడి ఆపేయవచ్చు. ఏ కంటికి ఆ గుడ్డ కొస, ఏ కంటికి ఆ పుల్ల. తుడిచిన పుల్లను మళ్ళీ గిన్నెలో ముంచకూడదు. తుడిచేది కళ్లు మూసుకొని వెంట్రుకల మొదళ్ల వెంబడి, లోపలి ఎర్రటి తడి పొర మీద కాదు. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, ఖరీదైన ఫోమ్‌ను మురికి చేత్తో రుద్దినదానికంటే మామూలు నీళ్లతో ఓపికగా తుడిచినది నయం.

టీ ట్రీ నూనె గురించి గట్టిగానే చెప్పాలి. ఆస్ట్రేలియాలో పెరిగే ఒక చెట్టు ఆకుల నుంచి తీసే ఈ నూనెకు డెమోడెక్స్ పురుగును చంపే గుణం ఉంది. అందులో ఆ పని చేసేది టెర్పినెన్-4-ఆల్ అనే పదార్థం. రెప్పల కోసం తయారుచేసిన కొన్ని వైప్స్‌లో అది కొలత ప్రకారం ఉంటుంది. అంతవరకు సరే. షాపులో సౌందర్యం కోసం అమ్మే చిన్న సీసాలోది మాత్రం అసలు నూనె. దాన్ని తిన్నగా రెప్పకు రాస్తే కన్ను కాలుతుంది. నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది. కొబ్బరినూనెలో చుక్క కలిపి రాసుకోమనే సలహాలు కూడా నమ్మవద్దు, ఇంట్లో ఆ పాళ్లు ఎవరూ సరిగా కొలవలేరు. 2020లో కాక్రేన్ సంస్థ ఆరు పరిశోధనల్లోని 562 మంది ఫలితాలను కలిపి చూసి, టీ ట్రీ వల్ల లాభం ఎంతో తేల్చడానికి ఆధారాలు బలంగా లేవని చెప్పింది. లాభం అంత అనిశ్చితం, హాని అంత కచ్చితం అయినప్పుడు ఇంటి ప్రయోగం ఎందుకు?

డెమోడెక్స్ కోసమే తయారైన చుక్కల మందు ఒకటి 2023 జూలైలో అమెరికాలో అనుమతి పొందింది. పేరు లోటిలానర్, 0.25 శాతం. రోజుకు రెండుసార్లు ఆరు వారాలు వేయాలి. పురుగు జీవితచక్రం రెండు మూడు వారాలు కాబట్టి, గుడ్ల నుంచి వచ్చే తర్వాతి తరాలు కూడా పోయేదాకా ఆ గడువు. 421 మంది పాల్గొన్న ఒక పెద్ద పరిశోధనలో, మందు వేసినవాళ్లలో 44 శాతం మందికి రెప్పల మీది గొట్టపు పొట్టు దాదాపు పూర్తిగా పోయింది. మందు లేని చుక్కలు వేసినవాళ్లలో 7 శాతానికి పోయింది. ఈ తేడా గట్టిదే. అయినా సగానికి పైగా మందికి పొట్టు పూర్తిగా పోలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. హైపోక్లోరస్ ఆమ్లం స్ప్రేలు బాక్టీరియా మీద బాగా పనిచేస్తాయి, రెప్పకు అంతగా మంట పుట్టించవు. బాక్టీరియా రకం ఉన్నవాళ్లకు పనికొస్తాయి.

మన ఇళ్లలోని ఆముదం సంగతి ఆసక్తికరం. రాత్రి రెప్పలకు ఆముదం రాసుకునే పెద్దవాళ్లను డాక్టర్లు మందలించడం నేను విన్నాను. కానీ అదే ఆక్లాండ్ బృందం 26 మంది మీద, ఒక కంటి రెప్పలకు చల్లగా ఆడించిన ఆముదం రాసి, రెండో కంటిని వదిలేసి చూస్తే, రాసిన వైపు బాధ, పొట్టు, రెప్ప అంచు ఎరుపు తగ్గాయి. ఇది చిన్న పరిశోధన. ఏ కంటికి రాస్తున్నారో పాల్గొన్నవాళ్లకు తెలుసు. కనుక ఆముదమే మందని చెప్పలేం. ఊళ్లో గానుగాడించి డబ్బాలో ఏళ్లు నిలవ ఉంచిన ఆముదాన్ని కంటి దగ్గరికి తేకూడదు. అయినా మన అవ్వల అలవాటులో కొట్టిపారేయలేనిది ఒకటుందని తెలిసినప్పుడు సంతోషం కలిగింది. కాటుకకు అలాంటి మినహాయింపు లేదు. వెంట్రుకల వెనక, తడి అంచున కాటుక గీస్తే అది సరిగ్గా నూనె గ్రంథుల నోళ్ల మీదే పడుతుంది. రెప్పలు వాచి ఉన్నంతకాలం కాటుక, మస్కారా రెండూ పక్కన పెట్టాలి.

ఈ జబ్బులో నాకు అన్నిటికంటే బెంగ కలిగించేది స్టిరాయిడ్ కలిసిన చుక్కలు, ఆయింట్‌మెంట్లు. డాక్టరు ఒకసారి పది రోజులకు రాసినది, ఎరుపు రెండు రోజుల్లో తగ్గించేసరికి, పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కుంటారు. స్టిరాయిడ్ వాపును అణచుతుంది, రెప్పలోని పొట్టునూ గడ్డకట్టిన నూనెనూ తీయలేదు. ఆపగానే బాధ తిరిగొస్తుంది, మళ్ళీ వేస్తారు. ఈలోగా కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లం ముదరవచ్చు. గ్లకోమా వల్ల పోయిన చూపు ఏ వైద్యానికీ తిరిగి రాదు. స్టిరాయిడ్ చుక్కల సీసా ఇంట్లో ఉంటే, డాక్టరు చెప్పిన రోజులు అయిపోగానే పారేయండి.

మాత్రల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రాస్తారు. బాక్టీరియాను చంపడంతోపాటు గ్రంథుల వాపును తగ్గించే గుణం వాటికి ఉంది. గర్భిణులకూ చిన్నపిల్లలకూ డాక్సీసైక్లిన్ ఇవ్వరు. చేపనూనె మాత్రల మీద ఖర్చుపెట్టేవాళ్లకు ఒక సంగతి: 2018లో అమెరికాలో 535 మంది మీద చేసిన డ్రీమ్ పరిశోధనలో, కన్ను పొడిబారడానికి రోజుకు 3 గ్రాముల ఒమేగా-3 ఆలివ్ నూనె మాత్రల కంటే ఎక్కువ మేలేమీ చేయలేదు. రెప్పలను వేడిచేసి నొక్కే యంత్రాలు, కాంతి చికిత్స పెద్ద పట్టణాల్లో దొరుకుతున్నాయి. ఇంట్లో చేసే కాపడం సరిపోని కొందరికి అవి సాయపడతాయి, కానీ వాటి తర్వాత కూడా ఇంట్లో శుభ్రం మానకూడదు.

శుక్లం ఆపరేషన్ దగ్గరికి తిరిగి వస్తే, డాక్టరు ఎందుకు ఆగమన్నారో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మదురైలో 11 మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి ఈరోజు ప్రపంచంలోనే అత్యధికంగా కంటి ఆపరేషన్లు చేసే సంస్థల్లో ఒకటి. కోయంబత్తూరులో దాని శాఖ అవినాశి రోడ్డులో ఉంది. అక్కడైనా మరెక్కడైనా సర్జన్‌కు ఉండే పెద్ద భయం ఆపరేషన్ తర్వాత కంటి లోపల చేరే ఇన్‌ఫెక్షన్. అరుదుగా వస్తుంది గానీ, వస్తే చూపు పోవచ్చు. దానికి కారణమయ్యే బాక్టీరియా చాలాసార్లు రోగి సొంత రెప్పల మీదివే. ఆపరేషన్‌కు ముందు 5 శాతం పొవిడోన్ అయొడిన్ చుక్కలు వేసి కంటిని శుద్ధి చేస్తారు. అయినా పొలుసులు కట్టి వాచిన రెప్పతో బల్ల ఎక్కడం మంచిది కాదు. ఇంకో కారణం కూడా ఉంది. కన్నీటి పొర చెదిరి ఉంటే కంటిలో పెట్టాల్సిన లెన్సు పవర్ కొలత తప్పుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా చూపు మసకగా ఉందని తర్వాత బాధపడేవాళ్లలో కొందరి కష్టం ఇక్కడ మొదలైనదే.

కోయంబత్తూరులో ఒక సౌకర్యం, ఒక ఇబ్బంది ఉన్నాయి. పాలక్కాడ్ కనుమ గుండా వచ్చే గాలి ఊరిని చల్లబరుస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా అదే గాలి స్కూటర్ మీద వెళ్ళేవాళ్ల కన్నీటిని లాగేస్తుంది. ఆ నెలల్లో కళ్లజోడో హెల్మెట్ అద్దమో తప్పదు. నూలు పొట్టు ఎగిరే చోట పనిచేసేవాళ్లు ఇంటికి రాగానే ముందు రెప్పలు తుడుచుకోవాలి. గ్లకోమాకు రోజూ చుక్కలు వేసుకునేవాళ్లు వాటిలోని నిలవ రసాయనం రెప్పలకు పడుతోందో లేదో డాక్టరును అడగాలి. నిలవ రసాయనం లేనివి కూడా ఉన్నాయి.

కాపడం, నొక్కడం, తుడవడం మొదటి నెలా రెండు నెలలు రోజుకు రెండుసార్లు, తగ్గాక రోజుకోసారి, రాత్రి పడుకునే ముందు చేయాలి. 2012లో కాక్రేన్ సంస్థ 34 పరిశోధనలను పరిశీలించి, దీర్ఘకాల బ్లెఫరైటిస్‌ను పూర్తిగా నయంచేసే వైద్యం ఏదీ కనబడలేదని, రెప్పల శుభ్రం మాత్రం బాధ తగ్గించవచ్చని రాసింది. పళ్లు తోముకోవడం ఎన్నాళ్లని ఎవరూ అడగరు, దీన్నీ అలాగే దినచర్యలో కలుపుకోవాలి. మానితే కొన్ని వారాల్లో మళ్ళీ మొదలవుతుంది. అది మందు పనిచేయకపోవడం కాదు.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, కంటి లోపల నొప్పి. ఇంకొకటి మరీ ముఖ్యం, పెద్దవాళ్ల విషయంలో. వాపు ఒక్క కంటికే ఉండి నెలల తరబడి శుభ్రం చేసినా తగ్గకపోతే, కురుపు తీయించిన చోటే మళ్ళీ లేస్తే, లేదా ఆ చోట రెప్ప వెంట్రుకలు రాలిపోతే, అది నూనె గ్రంథుల నుంచి పుట్టే క్యాన్సర్ కావచ్చు. రెప్పల మీద వచ్చే క్యాన్సర్లలో దాని వాటా పాశ్చాత్య దేశాల్లో కంటే మన దేశంలో ఎక్కువ. మామూలు రెప్పల వాపులా నటిస్తుంది కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తేలిపోతుంది. డాక్టరు ఆ పరీక్ష చేయిద్దామంటే భయపడి వాయిదా వేయకండి, ఆయన అనకపోతే మీరే అడగండి.